రెండు మిల్లీమీటర్లు

కొర్నేలికి ఎవరినీ ఊరికే నమ్మడం చేతకాదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ పూట పాలలో నీళ్లెక్కువ పోశాడనుకునే మనిషి. రైల్ మిల్లులో ఇన్‌స్పెక్షన్ పని చెయ్యబట్టి ఈ గుణం అబ్బిందో, ఈ గుణం చూసే ఆ పనిలో పెట్టారో భిలాయి సెక్టర్ ఆరులో ఎవరూ తేల్చి చెప్పలేరు. చల్లారిన పట్టాలు వరసగా పడుంటే వాటి పక్కన వంగి నడుస్తాడు. పట్టా తలకి టెంప్లేట్ అనే కొలత రేకు ఆనించి సందులోంచి వెలుతురు కనబడుతోందా అని చూస్తాడు. కనబడిందా, సుద్దముక్కతో అక్కడ ఒక గుండ్రం గీసి ముందుకు పోతాడు. ఫోర్‌మన్ వచ్చి గడ్డం పట్టుకున్నా ఆ గుండ్రం చెరపడు.

ఆ గురువారం ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, కూతురి టేబుల్ టెన్నిస్ ఆట చూడ్డానికి సాయంత్రం క్లబ్బుకి వెళ్లాడు. తిన్నగా గుమ్మంలోంచి వెళ్లడం అతనికి అలవాటు లేదు. ముందు కిటికీలోంచి చూశాడు.

లోపల షీబా టేబుల్‌కి బాగా వెనక నిలబడి ఉంది. భుజం దగ్గర్నుంచి చెయ్యి తిప్పి పెద్ద పెద్ద దెబ్బలు కొడుతోంది. అవతల కుముదిని టేబుల్‌ని అంటుకుని నిలబడి, బ్యాటు కదపకుండా అడ్డం పెట్టి వాటిని తిరగ్గొడుతోంది. ఒక్కో బంతి ఎంతసేపటికీ కింద పడదు. మధ్యమధ్య ఇద్దరూ నవ్వుకుంటున్నారు. కొర్నేలికి ఒళ్లు మండింది. అతను నేర్పిన ఆట ఇది కాదు. చేతి చాటున బంతిని కోసి సర్వీసు వెయ్యాలి. అది అవతల పడి పక్కకి మెలి తిరగాలి. ఎదుటివాళ్లు తడబడి ఎత్తి పంపిన బంతిని టేబుల్ మీదే చంపెయ్యాలి. మూడో దెబ్బ దాటి సాగితే అది ఆట కాదు, కాలక్షేపం అంటాడు కొర్నేలి. రెండేళ్లు కూర్చోబెట్టి, నిలబెట్టి, ఏడిపించి ఆ సర్వీసు నేర్పించాడు కూతురికి.

అతను లోపల అడుగు పెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. షీబా ముందుకొచ్చి టేబుల్‌కి ఆనుకుని నిలబడింది. అది కూడా గమనించాడు. తను రాకముందు ఒకలాగ, వచ్చాక ఒకలాగ ఉండే పిల్లని చూసి ఏ తండ్రి మాత్రం ఊరుకుంటాడు?

"సర్వీసు వెయ్యి, చూస్తాను," అన్నాడు బెంచీ మీద కూర్చుంటూ.

షీబా వేసింది. చేతి చాటు సరిగ్గానే ఉంది, మణికట్టు కూడా సరిగ్గానే విదిలించింది. బంతి మాత్రం అవతల పడి సగమే మెలిక తిరిగింది. కుముదిని తాపీగా బ్యాటు ఆనించి పంపేసింది. మళ్లీ వేసింది, మళ్లీ అంతే. మొన్న మొన్నటిదాకా కుముదినికి ఆ సర్వీసు వేస్తే బంతి బ్యాటుకి తగిలి గోడకి పోయేది. కొర్నేలి చెవులు రిక్కించాడు. బంతి టేబుల్ మీద పడే చప్పుడు కూడా మారింది. ఇదివరకు టిక్కుమనేది, ఇప్పుడు కాస్త మొద్దుగా మోగుతోంది.

క్లబ్బులో ఆటల సామాను చూసేది గోపాలం. కుముదిని తండ్రి. అతనూ కొర్నేలీ ఒకే రైలుబండిలో విజయనగరం దాటొచ్చి ఒకే ఏడాది ప్లాంటులో చేరినవాళ్లు. గోపాలం బీరువా దగ్గర నిలబడి కొత్త బంతుల డబ్బా విప్పుతున్నాడు.

"రా కొర్నేలీ, చాయ్ చెప్పమంటావేటి?"

"వద్దు. ఏ డబ్బాలోవి ఈ బాళ్లు?"

"ఇవే, రాయ్‌పూర్ నుంచి తెప్పించినవి. బాగున్నాయి గదా."

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పి, పైపెచ్చు బాగున్నాయని కూడా అన్నాడంటే ఏదో ఉంది. ఆదివారం సెలక్షన్. కొత్త రాష్ట్రం వచ్చాక మొదటి జట్టు. ఇన్నాళ్లూ మధ్యప్రదేశ్ జట్టంటే ఇండోర్ పిల్లలదే, భిలాయి పిల్లల పేర్లు ఎవరూ చదివేవాళ్లు కూడా కారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌కి నలుగురు అమ్మాయిలు కావాలి. అందులో పడితే నేషనల్స్, నేషనల్స్ ఆడితే రైల్వేలో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి దారి. షీబాకి ఇంకో దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు, డిగ్రీ మార్కులు అలాంటివి. ఇలాంటి సమయంలో గోపాలం చేతిలో బంతుల డబ్బా, గోపాలం కూతురే పోటీ. కొర్నేలి కింద దొర్లుతున్న బంతినొకదాన్ని వంగి తీసుకుని, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు.

*

మర్నాడు మిల్లులో టీ వేళకి దాన్ని బయటికి తీశాడు. ఇంట్లో సొరుగులోంచి పాత బంతి కూడా తెచ్చుకున్నాడు. వెర్నియర్ కొలబద్ద నోట్లో పాతదాన్ని పెట్టి చూశాడు, ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. కొత్తదాన్ని పెట్టాడు, నలభై. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. నలభయ్యే. పట్టా తల రెండు మిల్లీమీటర్లు పెరిగితే దాన్ని ఎవడూ వ్యాగనెక్కించడు. ఆ మనిషికి ఇంక వేరే రుజువు అక్కర్లేదు. బంతి లావైతే గాలికి నిదానిస్తుంది, మెలిక సగం చచ్చిపోతుంది. షీబా సర్వీసు తప్ప ఈ టౌన్‌షిప్‌లో ఇంకెవరి ఆటా మెలిక మీద నిలబడి లేదు. ఎవరి కోసం తెప్పించాడో తెలియడానికి చదువులు కావాలా?

వెళ్లి గోపాలాన్ని అడిగేస్తే అరనిమిషం పని. కాని కొర్నేలి అడిగే రకం కాదు. అడిగితే జాగ్రత్త పడతాడు, డబ్బా మార్చేస్తాడు, పైగా నన్నే వెర్రివాణ్ని చేస్తాడు అనుకున్నాడు. పట్టుకుంటే నలుగురిలో పట్టుకోవాలి. మెషీన్ షాపులో తెలిసినవాడి చేత చిన్న ఇనప రేకుకి ముప్పై ఎనిమిదికి వెంట్రుకవాసి ఎక్కువ బెజ్జం కొట్టించాడు. పాత బంతి అందులోంచి జారి అరచేతిలో పడింది. కొత్తది బెజ్జం మీదే కూర్చుండిపోయింది. చూసి చూసి చాలా రోజుల తర్వాత కొర్నేలి నవ్వుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తే షీబా లేదు. చీకటి పడే వేళకి సైకిల్ మీద వచ్చింది. ముఖం ఎర్రగా, చొక్కా వీపుకి అంటుకుని ఉంది. క్లబ్బుకి శుక్రవారం సెలవు.

"ఎక్కణ్నుంచి?"

"రిసాలి నుంచి డాడీ. కుముద్ వాళ్లింటి దగ్గర."

"ఏటి పని అక్కడ?"

"ఊరికే. కాసేపు ఆడాం."

ఆమె స్నానానికి వెళ్లగానే కొర్నేలి సంచీ తెరిచాడు. తువ్వాలు కింద రెండు బంతులున్నాయి. రేకు తెచ్చి ఆనించి చూస్తే రెండూ దాటలేదు. గోపాలం మోసం చేశాడంటే కోపం వచ్చింది గాని, కూతురు సంచీలో ఆ బంతులు కనబడితే ఏడుపు వచ్చింది. స్నేహం పేరు చెప్పి పిల్లని బుట్టలో వేసుకున్నారు. దాని చేత దాని ఆటే మాన్పించేస్తున్నారు. కిటికీలోంచి తను చూసింది అదే కదా.

షీబా తల తుడుచుకుంటూ వచ్చేసరికి రెండు బంతులూ డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. వంటింటి గుమ్మంలో భార్య విమలకుమారి గరిటె పట్టుకుని నిలబడింది.

"ఇవెక్కడివి?"

"కుముద్ ఇచ్చింది. ప్రాక్టీస్‌కి." షీబా తువ్వాలు భుజాన వేసుకుంది. "డాడీ, నేను చెప్దామనే అనుకుంటున్నా. బాల్ బదల్ గయా. ఇప్పుడు..."

"మారిందని నాకు తెలుసు. ఎవరు మార్చినారో కూడా తెలుసు."

"ఎవరు మార్చడమేటి? మీరు కాస్త సునో నా. దీంతో మన సర్వీసు తిరగట్లేదు. వెనక్కి నిలబడి గట్టిగా కొడితేనే..."

"అలగని ఎవరు నేర్పినారు, కుముదినా?"

షీబా తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద వేసింది.

"పిల్ల ఏదో చెప్తోంది, ఒక్కసారి చెవిన పెట్టండి," అంది విమలకుమారి.

"చెప్పేదంతా రిసాలిలో నేర్పి పంపినదే. నాకు వినక్కర్లేదు." కొర్నేలి బంతులు రెండూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఆదివారం నువ్వు సర్వీసు మీద ఆడు. మిగతాది నేను చూసుకుంటాను."

షీబా తల్లి వైపు చూసింది. తర్వాత సరే డాడీ అంది. మారు మాట్లాడకుండా ఒప్పుకునేసరికి కొర్నేలికి ఆ సరే మీద కూడా అనుమానం వచ్చింది.

*

ఆదివారం అతనికి ఫస్ట్ షిఫ్టే పడింది. మారుద్దామంటే ఎవరూ దొరకలేదు. విమలకుమారి పొద్దుటే చర్చిలో ఆరాధనకి వెళ్లి, అక్కడే ఆడవాళ్ల కూటానికి ఆగిపోయింది. కొర్నేలి మిల్లు గేటు దాటి, ఒంటిమీద ప్లాంటు బట్టలతోనే స్కూటర్ మీద సెలక్షన్ జరిగే హాలుకి చేరేసరికి పొద్దుటి ఆటలు అయిపోయాయి. ముగ్గురు అమ్మాయిల పేర్లు తేలిపోయాయి. ఇద్దరు రాయ్‌పూర్, ఒకరు దుర్గ్. మిగిలింది ఒక్క చోటు. దానికి షీబా, కుముదిని ఆడాలి.

షీబా గోడకి ఆనుకుని అరటిపండు తింటోంది. అతన్ని చూసి లేచింది.

"ఎన్ని గెలిచినావు?"

"మా గ్రూపులో రాయ్‌పూర్ అమ్మాయితో ఒక్కటే ఓడిపోయా. మిగతావన్నీ గెలిచా."

"సర్వీసు పడిందా?"

షీబా తొక్క చేతిలో మడిచింది. "పడింది డాడీ," అంది.

అంత పాడు బంతితోనే ఇన్ని గెలిచిందంటే సరైన బంతి ఇస్తే ఇంకేం ఉంది? కొర్నేలి ఛాతీ ఉప్పొంగింది. తిన్నగా అంపైర్ల బల్ల దగ్గరికి వెళ్లాడు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన సెలక్షన్ పెద్దమనిషి అక్కడ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కొర్నేలి బల్ల మీదున్న బంతి తీసి, రేకు మీద పెట్టి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. బంతి బెజ్జం మీద కూర్చుంది. జేబులోంచి పాత బంతి తీసి వదిలాడు. అది జారి బల్ల మీద పడి ఎగిరింది. ఇది చోరీ అన్నాడు హిందీలో, ఈ బాల్ ఎవరో కావాలని తెప్పించినదన్నాడు.

పెద్దమనిషికి మొదట అర్థం కాలేదు. అయ్యాక తల పట్టుకున్నాడు. బంతి ప్రపంచమంతా మారింది, టీవీలో ఆట జనానికి కనబడాలని పెద్దది చేశారు, ఒలింపిక్స్ అయిపోయాక అన్నిచోట్లా ఇదే అని చెప్పాడు.

"కాగితం చూపించండి," అన్నాడు కొర్నేలి.

కాగితం ఢిల్లీ నుంచి ఇంకా రాలేదు. మొన్న పుట్టిన రాష్ట్రం, నిన్న పెట్టిన సంఘం, ఆఫీసుకి కుర్చీలే లేవు. అదే అదనుగా వెనక ఓడిపోయిన పిల్లల తండ్రులు అందుకున్నారు. మా క్లబ్బుకీ కొత్త బాల్ రాలేదు, మాకెవరూ చెప్పలేదు అని ఒకటే గోల. పెద్దమనిషి కాసేపు విని విసుగెత్తి, అయిపోయిన ఆటలు అయిపోయాయి, ఈ ఒక్క ఆటకి ఇద్దరు పిల్లలూ ఒప్పుకుంటే పాత బంతితో ఆడించేస్తానన్నాడు.

గోపాలం జనాన్ని తోసుకుని వచ్చి కొర్నేలి చెయ్యి పట్టుకున్నాడు.

"కొర్నేలీ, వద్దు. నా మాట విను. పాత బాల్ వద్దు."

"నీకేటి అంత బాధ?"

"నాకు కాదురా, నీ పిల్లకే. బయటికి రా, చెప్తాను."

"ఇక్కడే చెప్పు, అందరూ వింటారు."

గోపాలం షీబా వైపు చూశాడు. షీబా తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. గోపాలం చెయ్యి వదిలేశాడు. ఆ చూపూ ఆ ఊపూ రెండూ కొర్నేలి కంట్లో పడ్డాయి. గోపాలం ఎంత వద్దంటే అతనికి అంత రూఢి అయింది. లాభం లేకపోతే ఆ మనిషి ఎందుకు ఇంత తాపత్రయపడతాడు?

"షీబా, చెప్పు. పాత బాల్‌తో ఆడతావా?"

హాలంతా ఆ పిల్ల వైపు తిరిగింది. తండ్రి ప్లాంటు బట్టల్లో, చేతిలో రేకుతో, అందరి మధ్య నిలబడి ఉన్నాడు. ఆమె వద్దంటే ఆ రేకు పట్టుకుని అతను ఎక్కడికి పోతాడు?

"ఆడతాను," అంది షీబా.

కుముదిని స్నేహితురాలి ముఖంలోకి చాలాసేపు చూసింది. "అంకుల్‌కి కావాలంటే నాకు పర్వాలేదు," అంది.

మొదటి గేము చూసి కొర్నేలి కూర్చోలేకపోయాడు. సర్వీసు పడిందంటే పడింది. బంతి టిక్కుమని మోగి పక్కకి మెలి తిరుగుతుంటే కుముదిని బ్యాటు గాలిలో వెతుక్కుంది. వరసగా వేసే ఐదు సర్వీసుల్లో నాలుగు తిరిగి రాలేదు. షీబా ఇరవై ఒకటి, కుముదిని పదమూడు. కొర్నేలి గోపాలం వైపు తిరిగి చూశాడు. గోపాలం నేల చూపులు చూస్తున్నాడు.

రెండో గేములో కుముదిని సర్వీసుకి అలవాటు పడింది. గొప్పగా ఏమీ చెయ్యలేదు, ఎలాగో బ్యాటు తగిలించి ఇవతలికి పంపితే చాలనుకుంది. బంతి తిరిగి రావడం మొదలెట్టాక షీబా కాళ్లు వాటంతట అవే వెనక్కి వెళ్లిపోయాయి. భుజం నుంచి చెయ్యి తిప్పి పెద్ద దెబ్బ కొట్టింది. దెబ్బ బాగానే పడింది గాని, కుముదిని టేబుల్ దగ్గర అడ్డం పెట్టిన బ్యాటు మీంచి ఆ చిన్న బంతి రివ్వున వెనక్కి వచ్చేసింది. షీబా చెయ్యి ఇంకా ముందుకు రానే లేదు, బంతి ఆమె నడుం పక్కనుంచి పోయింది. మళ్లీ అలాగే, మళ్లీ అలాగే. ప్రతిసారీ చెయ్యి సరైన దారిలోనే వస్తోంది, రావలసిన దానికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా వస్తోంది. ముందుకు జరిగి నిలబడితే బ్యాటు తిప్పడానికి చోటు చాలలేదు. వెనక్కి వెళ్తే బంతి ఆగడం లేదు. ఆ గేము కుముదినిది.

"ముందుకి రా, టేబుల్ దగ్గరికి రా," అని కొర్నేలి అరుస్తూనే ఉన్నాడు. కావాలనే వెనక్కి పోతోందా అని కూడా ఒకసారి అనిపించింది. ఆ ఆలోచనకి తనకే సిగ్గేసింది గాని, వచ్చింది మాత్రం నిజం.

మూడో గేముకి ముందు అంపైరు బల్ల మీది రెండు రకాల బంతులూ చూసి, ఇదే బంతా, మారుద్దామా అని అడిగాడు. కుముదిని ఏదైనా సరే అన్నట్టు షీబాకే వదిలేసింది. షీబా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ తండ్రి వైపు చూసింది. అలా చూస్తూనే ఉంది. కొర్నేలికి కూతురు ధైర్యం అడుగుతున్నట్టు కనబడింది. అరచెయ్యి ఎత్తి, అదే, అదే అని సైగ చేశాడు. షీబా తల తిప్పుకుని పాత బంతి తీసుకుంది.

చివరిదాకా పోరాడింది. పద్దెనిమిది దగ్గర సమానంగా ఉండి, వరసగా మూడు పోయాయి. ఆఖరి బంతికి ఆమె బ్యాటు తిప్పను కూడా తిప్పలేదు.

ఇద్దరు పిల్లలూ నెట్ మీంచి చేతులు కలుపుకున్నారు. ఏడ్చింది గెలిచిన పిల్ల. కుముదిని తిన్నగా కొర్నేలి దగ్గరికి వచ్చి "సారీ అంకుల్" అంది. వెక్కిరిస్తోందేమోనని ఆ పిల్ల ముఖంలో వెతికాడు. ముక్కు చీదుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్ల తప్ప ఇంకేమీ కనబడలేదు.

గోపాలం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దీపావళి నుంచి మా రిసాలిలో కొత్త బాల్‌తో ఆడతన్నారు ఇద్దరూ," అన్నాడు. "షీబా ఆటంతా మార్చీసుకుంది. మా పిల్ల దానిమీద ఒక్క మ్యాచ్ గెలవనేదు ఇంతవరకు. పొద్దున్న ఇక్కడ గెలిచినవన్నీ అలగ వెనక నిలబడి కొట్టినవే."

"సర్వీసు పడిందని చెప్పింది నాతో."

"నువ్వు అడిగింది సర్వీసు గురించే గదా."

"నాకెందుకు చెప్పనేదు నువ్వు?"

"బాల్ మారిందని క్లబ్బు మీటింగ్‌లో చెప్పినాను. నువ్వు టీ లెక్కల్లో తేడా ఉందని మధ్యలో లేచిపోనావు. తర్వాత చెప్దామంటే పిల్ల వద్దంది. డాడీ రెండేళ్లు కష్టపడి నేర్పినారు, సెలక్షన్ అయినాక నేనే చెప్పుకుంటానంది."

కొర్నేలికి ఆఖరిసారిగా ఒక సందు కనబడింది. అందులో వేలు పెట్టకుండా ఉండలేకపోయాడు. "నీ పిల్లకి పోటీ అని తెలిసీ మీ ఇంట్లో ఎందుకు ఆడనిచ్చినావు?"

గోపాలం అతని వైపు వింతగా చూశాడు. "అది రాకపోతే మా పిల్ల ఎవరితో ఆడతాది?" అన్నాడు.

ఆ జవాబులో ఎటు తిప్పి చూసినా ఏమీ దొరకలేదు. కొర్నేలి లేచాడు.

స్కూటర్ మీద వెనక కూర్చుని షీబా దారిపొడుగునా ఒక్క మాట అనలేదు. ఏదైనా అంటుందని ఎదురుచూశాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా. సెక్టర్ మలుపు దగ్గర బండి గతుకులో పడితే ఎప్పటిలాగే అతని భుజం పట్టుకుంది, దాటగానే వదిలేసింది. ఇది తన మీద కోపం చూపించడానికి వేసిన ఎత్తా అని ఆలోచించబోయి, మధ్యలోనే ఆగిపోయాడు.

క్వార్టర్ ముందు విమలకుమారి చర్చి చీర కూడా మార్చకుండా మెట్టు మీద నిలబడి ఉంది. ఇద్దరి ముఖాలూ చూసి విషయం గ్రహించింది. అయినా అడిగింది.

"ఏటైంది?"

"ఓడిపోయాను మమ్మీ. కుముద్ బాగా ఆడింది."

"గెలుస్తాదన్నారు గదా మీరు," అంది విమలకుమారి మొగుడి వైపు తిరిగి. "దగ్గరుండి ఏటి చేసినారు?"

కొర్నేలి బండికి స్టాండు వేస్తున్నాడు. అతని బదులు షీబాయే చెప్పింది. చెప్పులు విప్పుతూ, తల వంచుకునే, మామూలు గొంతుతో చెప్పింది.

"డాడీ లేరు మమ్మీ. షిఫ్ట్ లేట్ అయింది కదా. వచ్చేసరికే మ్యాచ్ అయిపోయింది."

పక్కవాడి అబద్ధం పది గజాల దూరం నుంచి పట్టేసే మనిషి ఆ మాట విని కదలకుండా నిలబడ్డాడు. షీబా లోపలికి వెళ్లబోతోంది. విమలకుమారి సరేలే అన్నట్టు పక్కకి తప్పుకుంది. ఊరుకుంటే అయిపోతుంది, ఎవరూ రేకు ఆనించి చూడరు.

"లేదు విమలా," అన్నాడు కొర్నేలి. "నేను టైముకే ఎల్లినాను."